ఉష్ణమండల దేశానికి ఇల్లు మారుస్తున్నారా? కర్నూలు, అనంతపురం, కడప వాళ్లు తరచుగా అడిగే ప్రశ్నలు

మలేషియా, సింగపూర్, కెన్యా, టాంజానియా, ఫిలిప్పీన్స్ వంటి దేశాలకు కుటుంబంతో సహా వెళ్లేవాళ్ల కోసం ఈ పేజీ. మన జిల్లాల నుంచి వెళ్లేవాళ్లు సామాన్లు పగులుతాయేమోనని భయపడతారు. పగిలేవి తక్కువే. చెమ్మ పట్టి పాడయ్యేవి, కాగితం సరిగా లేక రేవులో ఆగిపోయేవి ఎక్కువ. అందుకే ఆ రెండింటి గురించే ఎక్కువ రాశాం.

ఎన్ని రోజుల ముందు మొదలుపెట్టాలి?

సామాను ఓడలో వెళ్లాలంటే కనీసం మూడు నెలల ముందు. మొదటి నెల కాగితాలకు: పాస్‌పోర్టులు, పెళ్లి సర్టిఫికెట్, పిల్లల జనన ధ్రువపత్రాలు, డిగ్రీ పట్టాలు. రెండో నెలలో ఏవి తీసుకెళ్లాలో ఏరుకోవడం, మూవర్లను ఇంటికి పిలిపించి కొలతలు తీయించడం. మూడో నెలలో ప్యాకింగ్. చెన్నై నుంచి సింగపూర్‌కో మలేషియా రేవు పోర్ట్ క్లాంగ్‌కో ఓడ ప్రయాణం వారం లోపే అయినా ఇంటి నుంచి ఇంటికి చేరేసరికి నాలుగైదు వారాలు పడుతుంది. కెన్యా రేవు మొంబాసా, టాంజానియా రేవు దారెస్సలాం అయితే మధ్యలో ఇంకో రేవులో ఓడ మారుతుంది కాబట్టి రెండు నెలలు వేసుకోండి.

అక్టోబరు నుంచి డిసెంబరు దాకా చెన్నై వైపు ఈశాన్య రుతుపవనాల వానలు, తుపాన్లు ఉంటాయి. వీలైతే ఆ మూడు నెలలు తప్పించండి. ఫిబ్రవరి నుంచి మే దాకా మన దగ్గర గాలి పొడిగా ఉంటుంది, ప్యాకింగ్‌కు అంతకంటే మంచి కాలం లేదు. తూర్పు ఆఫ్రికాలో మార్చి నుంచి మే వరకు పెద్ద వానలు. అక్కడికి వెళ్లేవాళ్లు సామాను జూన్ తర్వాత చేరేలా చూసుకోవాలి.

మా సామానుకు ఎంత చోటు కావాలి? సీబీఎం అంటే ఏమిటి?

మీటరు పొడవు, మీటరు వెడల్పు, మీటరు ఎత్తు ఉన్న చోటు ఒక సీబీఎం, అంటే దాదాపు 35 ఘనపు అడుగులు. 18 అంగుళాల చదరపు అట్టపెట్టెలు పది కలిపితే సుమారు ఒక సీబీఎం. ఆరున్నర అడుగుల ఇనుప బీరువా ఒక్కటే దాదాపు అంత మింగేస్తుంది. ముగ్గురు కూర్చునే సోఫా ఒకటిన్నర.

20 అడుగుల కంటైనర్ లోపలి చోటు 33 సీబీఎం. ఇంటి సామాను ఎగుడుదిగుడుగా ఉంటుంది కాబట్టి 25 నుంచి 28 మించి పట్టదు. మంచాలు, సోఫాలతో సహా రెండు పడకగదుల ఇల్లు 20 నుంచి 25 దాకా వస్తుంది. ఫర్నిచర్ వదిలేస్తే అదే ఇల్లు మూడు నుంచి ఐదు సీబీఎంలో సర్దుకుంటుంది. అలాంటప్పుడు పూర్తి కంటైనర్ అక్కర్లేదు, ఇతరుల సరుకుతో కలిపి పంపే ఎల్‌సీఎల్ చాలు. అందులో కనీస ఛార్జీ సాధారణంగా ఒక సీబీఎంకు ఉంటుంది. పరిమాణం, బరువు రెండూ లెక్కగట్టి ఏది ఎక్కువైతే దానికి తీసుకుంటారు.

మా మాట అడిగితే ఫర్నిచర్ వదిలేయండి. ఆ దేశాల్లో సామానుతో ఉన్న అద్దె ఇళ్లు కూడా దొరుకుతాయి.

విమానంలో పంపితే?

బట్టలు, పిల్లల పుస్తకాలు, వంటింట్లో వెంటనే కావాల్సినవి ఓ 50 నుంచి 100 కిలోలైతే విమానం మేలు. ఒక మెలిక ఉంది. ఎయిర్ కార్గోలో పొడవు, వెడల్పు, ఎత్తు సెంటీమీటర్లలో గుణించి 6000తో భాగిస్తారు, కొరియర్‌లో 5000తో. ఆ అంకె అసలు బరువు కంటే ఎక్కువైతే దానికే డబ్బు. 18 అంగుళాల పెట్టెలో పది కిలోల బొంత పెట్టినా దాదాపు 16 కిలోలకు కట్టాలి. అదే పెట్టెలో ఇత్తడి పాత్రలు పెడితే అసలు బరువుకే పోతుంది. తేలికైన బొంతలు, దిండ్లు విమానంలో పంపడం దండగ.

కొటేషన్లు ఒకదానికొకటి పొంతన లేకుండా ఎందుకుంటాయి?

ఒకరు 'ఇంటి నుంచి రేవు దాకా' ధర చెబుతారు, ఇంకొకరు 'ఇంటి నుంచి ఇంటికి'. మొదటిది చౌకగా కనిపిస్తుంది. కానీ అవతలి రేవులో టెర్మినల్ హ్యాండ్లింగ్, గోడౌన్ అద్దె, కస్టమ్స్ క్లియరెన్స్, డెలివరీ ఖర్చులు మీ నెత్తిన పడతాయి. ఎల్‌సీఎల్‌లో ఈ అవతలి ఛార్జీలే ఓడ అద్దెను మించిపోతుంటాయి. కొటేషన్ అడిగేటప్పుడే ఈ ప్రశ్నలు వాట్సాప్‌లో రాతపూర్వకంగా అడిగి పెట్టుకోండి: ఏ రేవు నుంచి, ఎన్ని సీబీఎంకు, అవతలి టెర్మినల్ ఖర్చు కలిసిందా, ఏ అంతస్తు దాకా మోస్తారు, లిఫ్ట్ లేకపోతే ఎంత, పెట్టెలు విప్పి అట్టలు తీసుకుపోతారా, కస్టమ్స్ తనిఖీకి తెరిస్తే ఆ ఖర్చు ఎవరిది, ఎన్ని రోజుల దాకా డెమరేజ్ (సామాను రేవులో ఆగిపోతే రోజుకింత పడే ఛార్జీ) లేదు.

కడప, కర్నూలు నుంచి సామాను సాధారణంగా లారీలో చెన్నైకి పోతుంది. అనంతపురం వాళ్లకు బెంగళూరు దగ్గర కాబట్టి వైట్‌ఫీల్డ్ ఇన్‌ల్యాండ్ డిపో (రేవుకు దూరంగా ఉండి, కస్టమ్స్ పని అక్కడే జరిగే కంటైనర్ యార్డు) నుంచి పంపే వెసులుబాటు ఉంది. కర్నూలుకు హైదరాబాద్ వైపు డిపోలు కూడా ఆలోచించవచ్చు. ధర తేడా పెద్దగా లేకపోతే లారీ నుంచి లారీకి తక్కువసార్లు మార్చే దారి ఎంచుకోండి. సామాను ఎక్కించి దించేటప్పుడే ఎక్కువగా దెబ్బతింటుంది.

చెమ్మ ఎందుకంత పెద్ద సమస్య?

అనంతపురం దేశంలోనే అతి తక్కువ వాన పడే జిల్లాల్లో ఒకటి. సగటున ఏడాదికి 550 మిల్లీమీటర్ల దాకా. సింగపూర్, కౌలాలంపూర్‌లలో 2000 మిల్లీమీటర్లు దాటుతుంది, గాలిలో తేమ సాధారణంగా 80 శాతం చుట్టుపక్కల ఉంటుంది. తేమ 65, 70 శాతం దాటి కొన్ని రోజులు నిలిస్తే బట్ట, తోలు, కాగితం, చెక్క మీద బూజు మొదలవుతుంది. మన పొడి గాలిలో ఎండిన చెక్క అక్కడికెళ్లి తేమ తాగి ఉబ్బుతుంది. ముందు డ్రాయర్లు, తలుపులు బిగుసుకుపోతాయి. పార్టికల్ బోర్డు అంచులు ఉబ్బి పొరలు ఊడతాయి, అది మళ్లీ బాగుపడదు. పాత టేకు నిలబడుతుంది.

కంటైనర్‌లో ఇంకో తంతు. పగలు ఎండకు పెట్టె వేడెక్కుతుంది, లోపలి చెక్కల్లో, అట్టల్లో ఉన్న తేమ గాలిలో కలుస్తుంది. రాత్రి పైకప్పు చల్లబడగానే అదే తేమ చుక్కలై సామాను మీద రాలుతుంది. పొడిగా ఉన్న రోజున ప్యాక్ చేయమనేది అందుకే. ముసురు పట్టిన రోజున కట్టిన పెట్టెలో ఆ రోజు తేమ కూడా ప్రయాణం చేస్తుంది.

అయితే చెమ్మకు ఏం చేయాలి?

ప్యాకింగ్‌కు మూడు రోజుల ముందు బట్టలు, బొంతలు, పుస్తకాలు ఎండలో పరచండి. ఆరాక లోపలికి తెచ్చి, చల్లబడ్డాక పెట్టెలో పెట్టండి. వేడిగా ఉన్నప్పుడే మూట కడితే లోపల చెమర్చుతుంది. వాషింగ్ మెషిన్ పైపుల్లో నీళ్లు ఒంపి రెండు రోజులు తలుపు తెరిచి ఉంచాలి. ఫ్రిజ్ అయితే మూడు రోజులు.

పూర్తి కంటైనర్ తీసుకుంటే కాల్షియం క్లోరైడ్ తేమ సంచులు కిలోవి ఆరు నుంచి ఎనిమిది, పక్క గోడలకు వేలాడదీయించండి. సిలికా జెల్ చిన్న పొట్లాలు పెట్టెలోపలికి పనికొస్తాయి కానీ కంటైనర్‌కు చాలవు. ఎక్కించే ముందు ఒక మనిషి కంటైనర్ లోపలికి వెళ్లి తలుపులు మూయించుకుని చూడాలి. ఎక్కడైనా వెలుతురు చుక్క కనిపిస్తే అక్కడి నుంచే వాన నీళ్లు వస్తాయి. వేరే కంటైనర్ అడగండి. ఎక్కించాక సీలు నంబరు ఫోటో తీసి పెట్టుకోండి.

కెమెరా లెన్సులకు లోపల ఫంగస్ పడుతుంది. వాటిని చేతి సామానులో తీసుకెళ్లి, అక్కడ తేమ 40 నుంచి 50 శాతం మధ్య ఉంచే డ్రై క్యాబినెట్‌లో పెట్టాలి.

ధర్మవరం పట్టుచీరలు ఎలా పెట్టాలి?

ప్లాస్టిక్ కవరులో మాత్రం పెట్టొద్దు. లోపల తేమ బందీ అయి పట్టు మీద మచ్చలు పడతాయి, జరీ నల్లబడుతుంది. గంజి లేని, ఉతికిన తెల్ల నూలు గుడ్డలో ఒక్కో చీర చుట్టండి. జరీ జరీకి రాసుకోకుండా మడత మధ్య పల్చటి గుడ్డ ఉంచండి. కలరా ఉండలు జరీకి తగిలితే రంగు మారుతుంది, వేయాలనుకుంటే వేరే గుడ్డలో మూటకట్టి మూలన పెట్టండి. అక్కడికి చేరాక రెండు నెలలకోసారి మడతలు మార్చి, ఏసీ గదిలో గంటసేపు ఆరేయండి. ఎండలో వద్దు. పెళ్లి చీరలు ఓడలో కాకుండా చేతి సామానులో వెళ్లడం మేలు.

నిమ్మలకుంట తోలుబొమ్మలూ అంతే. అది మేకతోలు, తేమకు మెత్తబడి వంకర తిరుగుతుంది. అద్దాల ఫ్రేములో బిగించినవైతే ఫరవాలేదు.

చెక్క పెట్టెలో కట్టించొచ్చా?

కట్టించొచ్చు, కానీ ఊళ్లో వడ్రంగి చేత మామూలు చెక్కతో చేయిస్తే అవతల పురుగు తనిఖీలో ఆపేస్తారు. అంతర్జాతీయ నియమం ప్రకారం ముడి చెక్క పెట్టెను, ప్యాలెట్‌ను చెక్క నడిబొడ్డు దాకా 56 డిగ్రీల సెల్సియస్ వేడి అరగంట తగిలేలా వేడిచేయాలి, లేదా మిథైల్ బ్రోమైడ్ పొగ పెట్టాలి. ఆ పని చేశాక గోధుమ కంకి గుర్తు, దేశం కోడ్, 'హెచ్‌టీ' లేదా 'ఎంబీ' అక్షరాలున్న ముద్ర చెక్క మీద వేస్తారు. ముద్ర లేని పెట్టె వెనక్కి పంపుతారు లేదా మీ ఖర్చుతో మందు కొట్టిస్తారు. ప్లైవుడ్‌కు ఈ బెడద లేదు.

అద్దాలు, దేవుడి పటాలకు తప్ప చెక్క పెట్టె అవసరం రాదు. మిగతా వాటికి ఐదు పొరల అట్టపెట్టె సరిపోతుంది. పుస్తకాలు చిన్న పెట్టెల్లో పెట్టి, ఒక్కోటి 18 కిలోలు దాటకుండా చూడండి. పెద్ద పెట్టె నిండా పుస్తకాలు పెడితే అడుగు ఊడుతుంది.

రోలు, చేట, చీపురు తీసుకెళ్లొచ్చా?

రోలుకు అడ్డు లేదు, మట్టి మాత్రం ఉండకూడదు. మట్టి అంటిన ఏ వస్తువునైనా క్వారంటైన్ వాళ్లు ఆపుతారు: రోలు అడుగు, సైకిల్ టైర్లు, పూలకుండీలు, పొలానికి వేసుకెళ్లిన చెప్పులు. బ్రష్షుతో రుద్ది, కడిగి, పూర్తిగా ఆరబెట్టండి. వెదురు చేట, ఈత చీపురు, కొబ్బరి పీచు పరుపు, విత్తనాలు, ఎండు పూలదండలు ఇంట్లోనే వదిలేయండి. బూరుగు దూది పరుపు కూడా అంతే, తేమకు గడ్డకడుతుంది.

వంటసామాను ఏది తీసుకెళ్లాలి?

ప్రెషర్ కుక్కర్, దానికి రబ్బరు గాస్కెట్లు, సేఫ్టీ వాల్వులు రెండేసి. ఇడ్లీ రేకులు, సంగటి తెడ్డు, ఇనుప పెనం. పెనం మీద పల్చగా నూనె రాసి కాగితంలో చుట్టకపోతే ఓడలోనే తుప్పు పడుతుంది. మిక్సీకి అదనపు కప్లర్లు పెట్టుకోండి.

గ్యాస్ పొయ్యి వదిలేయండి. అక్కడి సిలిండర్ వాల్వ్ వేరు, రెగ్యులేటర్ వేరు. సింగపూర్ ఫ్లాట్లలో చాలాచోట్ల పైపు గ్యాస్ వస్తుంది, మన ఎల్పీజీ పొయ్యి జెట్లు దానికి సరిపోవు. గ్యాస్ కనెక్షన్ సరెండర్ చేసి టెర్మినేషన్ వోచర్ తీసుకుంటే డిపాజిట్ వెనక్కి వస్తుంది.

బియ్యం, పప్పులు మోయొద్దు. కౌలాలంపూర్ బ్రిక్‌ఫీల్డ్స్, సింగపూర్ టెక్కా, నైరోబీ పార్క్‌లాండ్స్‌లో మన సరుకులు దొరుకుతాయి. సంగటి గురించి దిగులు పడేవాళ్లకు: రాగి తూర్పు ఆఫ్రికాలో సొంత పంటే, కెన్యా అంగళ్లలో 'వింబి' అని అడగండి. జొన్న కూడా అక్కడ పండుతుంది. పిండి పట్టించి తీసుకెళ్తే పురుగు పడుతుంది.

కరెంటు వస్తువులు అక్కడ పనిచేస్తాయా?

మలేషియా, సింగపూర్, కెన్యా, టాంజానియాలలో మనలాగే 230–240 వోల్టులు, 50 హెర్ట్జ్. పనిచేస్తాయి, ప్లగ్గు మాత్రం వేరు. మనది గుండ్రటి మూడు పిన్నులు, అక్కడ పలక పిన్నులు, లోపల ఫ్యూజు. ప్రతి వస్తువుకూ అడాప్టర్ కొనడం కంటే మన ఎక్స్‌టెన్షన్ బోర్డు రెండు తీసుకెళ్లి, వాటి తలకు అక్కడి ఫ్యూజు ప్లగ్గు వేయించుకుంటే మిక్సీ, ఛార్జర్లకు చాలు. ఇస్త్రీ పెట్టె, ఇండక్షన్ పొయ్యి వంటి ఎక్కువ లోడు వాటిని ఆ బోర్డుకు పెట్టకండి.

ఫిలిప్పీన్స్ సంగతి వేరు. అక్కడ 220 వోల్టులే కానీ 60 హెర్ట్జ్. మిక్సీకి ఇబ్బంది లేదు. వెట్ గ్రైండర్‌లో ఉండేది ఇండక్షన్ మోటారు కాబట్టి రాళ్లు ఐదో వంతు ఎక్కువ వేగంగా తిరుగుతాయి. ఆ వేగానికి మన గ్రైండర్లు తయారైనవి కావు, తీసుకెళ్లొద్దు.

అసలు పెట్టకూడనివి ఏవి?

మన దేశం దాటనివ్వనివి ముందు చూడండి. ఎర్రచందనం ముక్క గానీ బొమ్మ గానీ ఏ రూపంలోనూ వద్దు. కడప నుంచి వెళ్తున్న సామాను అంటేనే దాని కోసం వెతుకుతారు. నెమలి ఈకలు, జింక కొమ్ములు కుదరవు. దేవుడింట్లో తాతల నాటి పంచలోహ విగ్రహాలుంటే జాగ్రత్త. 1972 పురావస్తు చట్టం ప్రకారం నూరేళ్లు దాటినవి ఎగుమతి చేయకూడదు. అంత పాతవి కాకపోయినా పాతగా కనిపిస్తే కస్టమ్స్ ఆపుతుంది. పురావస్తు సర్వే శాఖ నుంచి 'పురావస్తువు కాదు' అనే సర్టిఫికెట్ ముందే తెచ్చుకోవాలి.

అవతలి దేశాల నిషేధాల్లో మనవాళ్లు ఎక్కువగా ఇరుక్కునేది గసగసాలతో. మాంసం కూరకు, మసాలాకు మనకు మామూలే. సింగపూర్‌లో అవి మాదకద్రవ్యాల చట్టం కిందికి వస్తాయి. మసాలా పొడిలో కలిపినా అంతే. కోడీన్ ఉన్న దగ్గు మందులకు అక్కడ ముందస్తు అనుమతి కావాలి. కెన్యా 2017లో, టాంజానియా 2019లో ప్లాస్టిక్ క్యారీ బ్యాగులు నిషేధించాయి. సూట్‌కేసులో చెప్పులు చుట్టిన క్యారీ బ్యాగు కూడా లెక్కే, గుడ్డ సంచులు వాడండి.

విమానంలో ఎండుకొబ్బెర, హారతి కర్పూరం వద్దు. రెండూ మండే గుణమున్నవని తీసేస్తారు. పవర్ బ్యాంకులు చేతి సామానులో మాత్రమే. ఊరగాయ చెక్‌-ఇన్ సామానులో వెళ్తుంది. పైన నూనె తేలే జాడీ కాదు, నూనె వంచి మూత బిగించి, రెండు కవర్లలో పెట్టండి.

కస్టమ్స్ పన్ను పడుతుందా?

వాడిన ఇంటి సామానుకు చాలా దేశాల్లో మినహాయింపు ఉంది, షరతులు ఉన్నాయి. సింగపూర్‌లో ఆ వస్తువులు కనీసం మూడు నెలలు మీవై వాడి ఉండాలి, మీరు చేరిన ఆరు నెలల లోపు రావాలి. తూర్పు ఆఫ్రికా కూటమి దేశాల్లో మీరు దిగిన 90 రోజుల లోపు సామాను చేరాలి. వెళ్లే వారం ముందు కొత్త టీవీ, కొత్త ఫ్రిజ్ కొని బిల్లుతో సహా పెట్టెలో పెడితే పన్ను పడుతుంది.

ప్యాకింగ్ లిస్టు మీద శ్రద్ధ పెట్టండి. 'వంటసామాను – 1 పెట్టె' అని రాస్తే అధికారి పెట్టె తెరుస్తాడు. 'పెట్టె 7: స్టీలు గిన్నెలు 12, కుక్కర్ 1, వాడినవి' అని రాసి, పక్కన అందాజు విలువ వేయండి. లిస్టు, బిల్ ఆఫ్ లేడింగ్ (ఓడ కంపెనీ ఇచ్చే సరుకు రసీదు), పాస్‌పోర్టులో పేరు స్పెల్లింగ్ ఒకేలా ఉండాలి. ఇంటిపేరు ఒకచోట ముందు, ఇంకోచోట వెనుక ఉండటం మన తెలుగువాళ్లకే ప్రత్యేకమైన తలనొప్పి. రేవులో రోజులు గడిచేది, డెమరేజ్ పెరిగేది ఎక్కువగా దీని వల్లే.

నగల విషయం: పెట్టుకెళ్లేటప్పుడు విమానాశ్రయంలో కస్టమ్స్ దగ్గర ఎక్స్‌పోర్ట్ సర్టిఫికెట్ తీసుకుంటే, సెలవులకు తిరిగి తెచ్చినప్పుడు పన్ను గొడవ ఉండదు. అందుకు ఒక గంట ముందుగా వెళ్లాలి.

పాస్‌పోర్టు, టీకాలు?

పదో తరగతి పాస్ కాని వారి పాస్‌పోర్టు ఈసీఆర్ (ఎమిగ్రేషన్ చెక్ రిక్వైర్డ్) కోవలోకి వస్తుంది. మలేషియా, ఇండొనేషియా, థాయ్‌లాండ్‌లకు ఉద్యోగం మీద వెళ్లాలంటే వాళ్లకు ఎమిగ్రేషన్ క్లియరెన్స్ తప్పనిసరి.

కెన్యా, ఉగాండా నుంచి ఇండియాకు తిరిగి వచ్చేటప్పుడు ఎల్లో ఫీవర్ కార్డు అడుగుతారు. లేకపోతే ఆరు రోజుల దాకా క్వారంటైన్. ప్రయాణానికి పది రోజుల ముందే వేయించుకోవాలి, ఒక్క డోసు జీవితాంతం చెల్లుతుంది. కర్నూలు వాళ్లకు హైదరాబాద్ నారాయణగూడలోని ఐపీఎం (ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ ప్రివెంటివ్ మెడిసిన్), కడప వాళ్లకు చెన్నై గిండీలోని కింగ్ ఇన్‌స్టిట్యూట్ ఉన్నాయి.

బ్యాంకు ఖాతా, పొలం సంగతి?

మామూలు సేవింగ్స్ ఖాతాను ఎన్ఆర్ఓగా (ప్రవాస భారతీయుల రూపాయి ఖాతాగా) మార్పించాలి. ఉన్న పొలం మీ పేరునే ఉండొచ్చు, అమ్మక్కర్లేదు. ఎన్ఆర్ఐ అయ్యాక కొత్తగా వ్యవసాయ భూమి కొనడానికి వీల్లేదు. కౌలు డబ్బు ఎన్ఆర్ఓ ఖాతాలోకే రావాలి. పీఎం కిసాన్ సాయం ఎన్ఆర్ఐలకు వర్తించదు, ముందే వదులుకోండి.

ఇన్సూరెన్స్ చేస్తే అన్నీ కవర్ అవుతాయా?

అవ్వవు. మీరే కట్టుకున్న పెట్టెల్లో పగిలిన వాటికి చాలా పాలసీలు డబ్బు ఇవ్వవు, మూవర్లు కట్టినవాటికే ఇస్తాయి. కాబట్టి గాజు, పింగాణీ వాళ్లచేత కట్టించి, బట్టలు మీరు కట్టుకోండి. బూజు, తుప్పు కవర్ అవుతాయో లేదో పాలసీలో చదవండి, విడిగా అడిగి చేర్పించుకోవాల్సి రావచ్చు. విలువ వేసేటప్పుడు పాత ధర కాదు, అక్కడ మళ్లీ కొనడానికి ఎంతవుతుందో అది వేయాలి. తక్కువ వేస్తే క్లెయిము కూడా అదే నిష్పత్తిలో కోత పడుతుంది.

సామాను దిగాక ఏదైనా దెబ్బతిని ఉంటే?

డెలివరీ కాగితం మీద 'అన్నీ బాగున్నాయి' అని సంతకం పెట్టేయకండి. పెట్టెల నంబర్లు లిస్టుతో సరిచూసుకుని, నలిగినవి, తడిసినవి, టేపు ఊడినవి ఏవో ఆ కాగితం మీదే రాసి సంతకం చేయండి. తెరవకముందు ఒక ఫోటో, తెరిచాక ఒకటి. అట్టలు పారేయొద్దు, బీమా కంపెనీ సర్వేయర్ వచ్చేదాకా ఉంచాలి. క్లెయిము గడువు పాలసీలో రోజుల్లో ఉంటుంది, అది సామాను దిగిన రోజు నుంచే మొదలవుతుంది. అలసిపోయి పెట్టెలు నెల తర్వాత విప్పుదామనుకుంటే గడువు దాటిపోతుంది. కనీసం గాజు, ఎలక్ట్రానిక్ పెట్టెలు మొదటి రెండు రోజుల్లోనే తెరిచి చూడండి.